లెక్కపెట్టకుండా రాసిన 18

పోయినేడు చలికాలంలో ఒక మధ్యాహ్నం డ్యూటీకి వచ్చేసరికి వార్డు టేబుల్ మీద పద్నాలుగు ప్రొసీజర్ బుక్కులు దొంతి పెట్టి ఉన్నాయి. పైన ఒక చీటీ. "మేడం, సంతకాలు పెట్టి ఉంచండి, సాయంత్రం వచ్చి తీసుకుంటాం." వరంగల్‌లో నేను పనిచేసే ఆసుపత్రికి పోస్టింగ్‌కు వచ్చే ఒక నర్సింగ్ స్కూల్ పిల్లలవి అవి. జీఎన్‌ఎం, అంటే మూడేళ్ళ నర్సింగ్ డిప్లొమా, ఆఖరి ఏడు. ఇంకో నెలన్నరలో పరీక్షలు.

మా పని తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ప్రొసీజర్ బుక్ అంటే మూడేళ్ళలో ఒక స్టూడెంట్ తన చేతులతో ఏమేం చేసిందో ఆ లెక్క. ఇంజెక్షన్లు, సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే కాన్యులాలు, ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబులు, డ్రెస్సింగులు, బెడ్ బాత్‌లు. ప్రతిదానికీ పక్కన సిస్టరో ట్యూటరో పెట్టిన సంతకం ఉంటుంది. ఆ సంతకానికి ఒకటే అర్థం: ఈ పిల్ల ఈ పని చేస్తున్నప్పుడు నేను పక్కనే నిలబడి చూశాను.

పై పుస్తకం తెరిచాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకటే పెన్ను, ఒకటే రాత. మూడేళ్ళ పని ఒక్క రాత్రిలో కూర్చుని రాసినట్టు ఉంది. తేదీలు చూస్తూ పోతే ఒక దగ్గర ఆగిపోయాను. సద్దుల బతుకమ్మ నాడు మా వార్డులో నాలుగు యూరినరీ కాథెటర్లు, అంటే మూత్రం గొట్టాలు, వేసినట్టు ఉంది. ఆ రోజు నేను డ్యూటీలోనే ఉన్నాను. స్టూడెంట్లు ఒక్కరు కూడా లేరు, పండుగకు హాస్టల్ ఖాళీ చేసి ఊళ్ళకు పోయారు. వార్డులో కాథెటర్ ఉన్నది ఒక్క పేషెంటుకే, అది కూడా ముందు రోజు వేసింది. రెండో పుస్తకం తీశాను. అదే తేదీ, అవే నాలుగు. మూడోదానిలో కూడా అంతే. ఒకరిది చూసి ఒకరు ఎక్కించుకున్నారు.

నాకు కోపం రావడానికి సమయం పట్టింది. ముందు వచ్చింది భయం. ఎందుకంటే అంతకు పది రోజుల ముందే ఒక సంగతి జరిగింది.

నర్సంపేట దిక్కు నుంచి ఒక పెద్దమ్మ జ్వరం, దగ్గుతో అడ్మిట్ అయింది. నేను నాలుగింటికి రౌండ్‌కు పోతే మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ పరుపు మీద ఆనించి కూర్చుంది. "ఎట్లుంది పెద్దమ్మా" అంటే "మంచిగనే..." అని ఆగి, గాలి తీసుకుని, "...ఉన్న బిడ్డా" అంది. ఒక్క మాటను రెండు ఊపిర్లలో చెప్పిన మనిషి మంచిగ ఎట్లుంటుంది? ముక్కు పుటాలు ఎగురుతున్నాయి. చెయ్యి పట్టుకుని నిమిషం శ్వాస లెక్కపెట్టాను. 36. ఆక్సిజన్ 86 చూపించింది. డ్యూటీ డాక్టర్‌ను పిలిచి, ఆక్సిజన్ పెట్టి, ఐసీయూకు మార్చాం. న్యుమోనియా. తొమ్మిదో రోజు ఇంటికి పోయింది, దేవుడి దయ.

ఆ సాయంత్రం టెంపరేచర్, పల్స్, శ్వాస రాసే టీపీఆర్ చార్ట్ తీసి చూశాను. పొద్దున ఆరింటికి శ్వాస 18. పదింటికి 18. రెండింటికి 18. వార్డు మొత్తం చార్టులు తిరగేశాను. ముప్పై రెండు మంచాలు, దాదాపు అందరికీ 18. ఎక్కడో ఒకటి రెండు 20.

పెద్దవాళ్ళకు నిమిషానికి 12 నుంచి 20 దాకా మామూలు. 18 అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. టెంపరేచర్‌కు థర్మామీటర్ ఉంది, బీపీకి మెషిన్ ఉంది, పల్స్‌ను ఆక్సీమీటరే చూపిస్తుంది. శ్వాసకు మాత్రం మనిషి నిలబడి లెక్కపెట్టాలి. మనిషి మీదే ఆధారపడ్డ అంకె కాబట్టి అందరూ దాన్నే వదిలేస్తున్నారు. ఒంట్లో ఏదైనా తేడా వస్తే చాలాసార్లు మొదట మారేది మాత్రం ఆ అంకే. బీపీ పడిపోయేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం అయిపోతుంది.

రెండింటి 18 రాసింది ఒక స్టూడెంట్, ములుగు దగ్గరి పల్లె పిల్ల. పిలిచి అడిగాను. "లెక్కపెట్టినవా బిడ్డా?" తల వంచుకుంది. మళ్ళీ అడిగితే మెల్లగా చెప్పింది. "పైన రాసి ఉన్నది చూసి రాసిన మేడం." పైన, అంటే పదింటికి, రాసింది ఎవరు? మా స్టాఫే. రెండేళ్ళ సర్వీసు ఉన్న సిస్టర్. ఆమెను అడిగితే నైట్ వాళ్ళది చూసి రాశానంది. ఆ పిల్ల మా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చింది, మేము చేసేదే నేర్చుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అది జరిగిన పది రోజుల తర్వాత ఆ పద్నాలుగు పుస్తకాలు నా ముందుకు వచ్చాయి. పెట్టను అని చెప్పాను.

సాయంత్రం వాళ్ళ ట్యూటర్ వచ్చింది. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళు ఉంటాయి, ఎమ్మెస్సీ అయి ఏడాది. "మేడం, అందరూ పెడతారు కదా, మీరొక్కరే ఎందుకిట్ల చేస్తరు?" అంది. పోట్లాడాలని వచ్చిన మనిషి కాదు. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు. క్లినికల్‌లో, అంటే ఆసుపత్రి పోస్టింగ్‌లో, పది మంది పిల్లలకు ఒక ట్యూటర్ ఉండాలి. ఆమెకు ముప్పై మంది పైన, మూడు ఆసుపత్రుల్లో. పొద్దున ఒక దగ్గర అటెండెన్స్ వేసి ఆటోలో ఇంకో దగ్గరికి పోతుంది. తెల్లారి స్కూల్ పెద్దలు ఫోన్ చేశారు. ఆ మాటలు ఇక్కడ రాయను. పిల్లల భవిష్యత్తు పాడు చేస్తున్నానన్నది వాటిలో మర్యాదైన మాట.

మా నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం నన్ను పిలిచింది. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. "ఊరికే పెట్టనంటే పిల్లలు ఆగిపోతరు. పెట్టకపోతే ఏం చేద్దామంటవో చెప్పు" అంది. నేను ఆలోచించింది ఒకటే. రెండు వారాలు, రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా పద్నాలుగు మందినీ నాకు ఇవ్వండి. ముఖ్యమైన పనులు నా ముందు చేయాలి. చేసినవాటికి ఆ రోజు తేదీతో సంతకం పెడతాను. పాత తేదీలకు పెట్టను. ఆ మేడం ఒప్పుకుంది, స్కూల్‌ను ఒప్పించింది. వేరే దారి లేక వాళ్ళూ సరే అన్నారు.

మొదటి రోజు పన్నెండు మంది వచ్చారు.

సెలైన్‌తో మొదలుపెట్టాను. 500 ఎంఎల్ బాటిల్, ఆరు గంటల్లో పోవాలి, సెట్, అంటే బాటిల్‌కు తగిలించే గొట్టం, ఎంఎల్‌కు 20 చుక్కలది. నిమిషానికి ఎన్ని చుక్కలు? సూత్రం అందరికీ నోటికి వచ్చు. 500ను 20తో గుణించి, ఆరు గంటల నిమిషాలు 360తో భాగిస్తే దాదాపు 28. బోర్డు మీద చకచకా వేశారు. సరే, స్టాండ్ దగ్గరికి రండి, 28కి పెట్టండి అన్నాను. జనగామ పిల్ల చుక్కల వేగం మార్చే రోలర్ తిప్పి, చుక్కలు పడే చాంబర్ దిక్కు ఒకసారి చూసి "అయింది మేడం" అంది. ఎన్ని పడుతున్నాయో ఎట్లా తెలిసింది? "అందాజగా." లెక్కపెట్టు అన్నాను. అప్పుడు తెలిసింది, పన్నెండు మందిలో ఒక్కరి చేతికి కూడా గడియారం లేదు. ఫోన్లు వార్డులోకి తేవద్దని మా రూల్, లాకర్లలో పెట్టి వస్తారు. గోడ గడియారానికి సెకన్ల ముల్లు విరిగి ఎన్నాళ్ళయిందో.

అంటే ఇన్నాళ్ళూ ఈ వార్డులో ఏ స్టూడెంటూ పల్స్ గానీ శ్వాస గానీ డ్రిప్ గానీ నిమిషం పట్టి చూసే వీలే లేదు. ఇది నాకు ఎప్పుడూ తట్టలేదు. నా చేతికి గడియారం ఉంటుంది, అందుకే తట్టలేదు.

నేను 1996లో ట్రైనింగ్‌లో చేరేటప్పుడు మా నాన్న ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన పైసలతో చౌరస్తాలో హెచ్‌ఎంటీ గడియారం కొనిచ్చాడు. సెకన్ల ముల్లు ఉన్నదే కావాలని షాపతనికి రెండుసార్లు చెప్పాడు. స్కూలు వాళ్ళు ఇచ్చిన సామాన్ల చీటీలో అట్లా రాసి ఉందని. మా సిస్టర్ ట్యూటర్ అయితే గడియారం లేకుండా వస్తే వార్డు గడప తొక్కనిచ్చేది కాదు. వరంగల్ పెద్ద సర్కారు దవాఖానా ఎంజీఎం వార్డుల్లో పోస్టింగ్ చేస్తున్నప్పుడు ఒకసారి బెడ్ మేకింగ్ నాతో ఐదుసార్లు చేయించింది, దుప్పటి ముడత నడుము కిందికి వస్తే లేవలేని మనిషికి పుండు పడుతుందని. అప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఈరోజుకూ చేత్తో దుప్పటి సాపు చేయకుండా పేషెంటును పడుకోబెట్టలేను.

మా రోజుల్లో అంతా గొప్పగా ఉండేదని చెప్పడానికి ఇది రాయడం లేదు. అప్పుడూ తప్పులు జరిగాయి, కొందరు సీనియర్లు నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు, తిట్లు పడలేక చదువు మానేసిన పిల్లలు నాకు తెలుసు. అది మళ్ళీ రావాలని నేను కోరుకోను. కానీ చేయని పని చేసినట్టు రాసే ధైర్యం మాకు ఉండేది కాదు. ఆ ధైర్యం ఇప్పటి పిల్లలకు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నన్ను బాధపెట్టే ప్రశ్న.

రెండో రోజు చౌరస్తాకు పోయి సెకన్ల ముల్లున్న చిన్న గడియారాలు నాలుగు కొన్నాను, గోడ గడియారం కూడా మార్పించాను. శ్వాస లెక్కపెట్టడం నేర్పడానికి నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. ఇందులో ఒక కిటుకు ఉంది. "నీ ఊపిరి చూస్తున్న" అని పేషెంటుకు చెప్తే ఆ మనిషి ఊపిరి మార్చేస్తాడు. అందుకే ముందు పల్స్ చూడాలి, అది అయ్యాక చెయ్యి వదలకుండా మణికట్టు అట్లాగే పట్టుకుని ఛాతీ మీద చూపు పెట్టాలి, పూర్తిగా నిమిషం. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించడం కాదు. ఒక్క ఊపిరి తప్పినా నాలుగు తేడా వస్తుంది. పిల్లలను ఇద్దరిద్దరిగా ఒకే మంచం దగ్గర నిలబెట్టి, వేర్వేరుగా రాయించి, చీటీలు పోల్చాను. మొదటి రోజు ఒకరు 16, ఒకరు 27. నాలుగో రోజుకు ఒకటి రెండు తేడాలోకి వచ్చారు.

ఇన్సులిన్ దగ్గర నాకు మళ్ళీ గుండె ఆగినంత పనైంది. మన దగ్గర వాడే మామూలు ఇన్సులిన్ వయల్, అంటే చిన్న సీసా, ఎంఎల్‌కు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల వయల్ కూడా వస్తుంది, దానికి ఆరెంజ్ మూత సిరంజి. ట్రేలో రెండూ పెట్టి 20 యూనిట్లు లాగమన్నాను. ఎనిమిది మంది ఏ సిరంజి చేతికి దొరికితే దానితో లాగారు. 40 వయల్‌లోంచి ఆరెంజ్ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది 8 యూనిట్లే. 100 వయల్‌లోంచి ఎర్ర మూత సిరంజితో లాగితే 50. అన్నం తినని ముసలాయనకు 20 బదులు 50 పోతే తెల్లారేసరికి ఉండకపోవచ్చు. ఈ లెక్క బోర్డు మీద వేయించాక ఒక అబ్బాయి, పరకాల అతను, ముఖం పాలిపోయి కూర్చున్నాడు. "మేడం, నేను ఇంకో ఆసుపత్రిల ఆర్నెల్లు నైట్ డ్యూటీలు చేసిన, పాకెట్ మనీకి. ఇన్సులిన్ మస్తు మందికి ఇచ్చిన." నేనేమీ అనలేకపోయాను. అతని పక్కన కూర్చుని ఆ లెక్క మళ్ళీ మొదటి నుంచి చేయించాను.

రోజులు గడిచేకొద్దీ పిల్లలు నోరు విప్పారు. మొదటేడు ల్యాబ్‌లో పనులు చేసి నేర్చుకునే మనిషి బొమ్మ ఉందట, గాజు తలుపు వెనకాల. ఇన్‌స్పెక్షన్ రోజు తప్ప బయటికి తీయలేదట. ఒక పిల్ల అంది, "మేడం, పోస్టింగ్‌కు పోతే మమ్ముల్ని ల్యాబుకు శాంపిళ్ళు ఇచ్చి రమ్మని, రిపోర్టులు తెమ్మని పంపుతరు. ఇంగ నేర్చుకునుడెక్కడిది?" అక్కడ పంపేది ఎవరు? మాలాంటి సిస్టర్లే. ఆయా లేని పూట నేను కూడా పంపాను. ఈ మాట దాచుకుని పిల్లలను మాత్రమే అనడం అన్యాయం.

అయితే అందరి తప్పునూ పరిస్థితుల మీదికి తోసేసి వదిలిపెట్టలేను. ఒకతను నాలుగు రోజులు వచ్చి, డ్రెస్సింగ్ చేయమంటే చేతులు కడుక్కోకుండా గ్లవ్స్ వేసుకున్నాడు. కడుక్కో బాబూ అంటే "గ్లవ్స్ ఉన్నయ్ కదా మేడం" అన్నాడు. మళ్ళీ చెప్పాను, మళ్ళీ అదే. మరునాడు రాలేదు. పుస్తకంలో మాత్రం ఆ డ్రెస్సింగ్ "చేసినట్టు" రాసుకుని సంతకానికి పంపాడు. ఇట్లాంటివాడికి బొమ్మ లేకపోవడం కారణం కాదు.

చాలామందికి జర్మనీ మీద ధ్యాస. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మన్ భాష నేర్పించి పంపుతున్నారని విని ఇప్పటినుంచే ఫోన్లో పాఠాలు వింటున్నారు. నేను వద్దనలేదు. ఎందుకంటాను? ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదటి జీతం ఎంతిస్తారో నాకు తెలుసు. భూపాలపల్లి పిల్ల తండ్రి బొగ్గు లారీ క్లీనర్, ఆమె పోతే ఇల్లు నిలబడుతుంది. ఆమెకు ఒక్కటే చెప్పాను, అక్కడికి పోయినా మంచం మీద ఉండేది మనిషే, ఆయన ఊపిరి లెక్కపెట్టేది నువ్వే అని.

రెండు వారాలు అయ్యాయి. తొమ్మిది మంది పుస్తకాల్లో, నేను చూసిన ప్రతి పనికీ ఆ రోజు తేదీతో సంతకం పెట్టాను. ముగ్గురివి సగం పెట్టి, మిగతాది పరీక్ష లోపల వచ్చి చేసి పెట్టించుకోమన్నాను. వాళ్ళలో ఇద్దరు వచ్చారు. మొదటి రోజు నుంచే రాని ఇద్దరూ, ఆ గ్లవ్స్ అబ్బాయీ ఇంకెక్కడో పెట్టించుకున్నారని తర్వాత తెలిసింది. పరీక్షలు పాసయ్యారు కూడా. ఆ స్కూల్ ఈ ఏడు బ్యాచ్‌ను మా ఆసుపత్రికి పంపలేదు. సూపరింటెండెంట్ మేడం నన్ను ఒక్క మాట అనలేదు గానీ, పిల్లలు లేని లోటు వార్డులో తెలుస్తూనే ఉంది.

మా స్టాఫ్ విషయం చెప్పడం మరిచాను. ఇప్పుడు హ్యాండోవర్‌లో ఇన్‌చార్జ్ సిస్టర్ ఏవైనా రెండు మంచాలు చెప్తుంది, డ్యూటీ దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు కలిసి అక్కడ నిమిషం నిలబడి శ్వాస లెక్కపెడతారు. మొదటి వారం గొణిగారు. నాతో మాటలు మానేసిన సిస్టర్ ఒకామె ఇంకా మాట్లాడటం లేదు. చార్టుల్లో మాత్రం ఇప్పుడు 14, 17, 22, 26 కనిపిస్తున్నాయి.

ములుగు పిల్ల హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. పోయిన నెల రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. ఏడుస్తోందేమో అని భయపడ్డాను, ఏడవడం లేదు.

"మేడం, నైట్ల నలభై మందికి నేనొక్కదాన్నే. ఒక్కొక్కరికి నిమిషం పెడితే ఊపిర్లకే నలభై నిమిషాలైతయి. ఇంజెక్షన్లెప్పుడు ఇయ్యాలె?"

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కల్లో టీచింగ్ ఆసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు. ఆ పిల్లకు నలభై మంది. ఆ మాట ఆమెకు ఆ రాత్రి ఏ పనికీ రాదు, అందుకే చెప్పలేదు.

"లైట్ వేసి వార్డంత ఒక్క తిరుగు తిరుగు" అన్నాను. "ఎవరు కూసోని నిద్రపోతున్నరు, ఎవరు మాట నడుమ ఆగుతున్నరు, ఎవరికి పొద్దటికీ ఇప్పటికీ తేడా ఉన్నది, వాళ్ళను ముందు లెక్కపెట్టు. ఆపరేషనైనోళ్ళను తర్వాత. మిగిలినోళ్ళ దగ్గరికి పోయే టైం లేకపోతే గడి ఖాళీ ఉంచు. 18 అని మాత్రం రాయకు."

"ఖాళీ ఉంచితే పొద్దుగాల ఇన్‌చార్జ్ మేడం అడుగుతది."

"అడగనీ బిడ్డా. ఎందుకు ఖాళీగ ఉన్నదో నువ్వు చెప్పు."